కార్తీకంలో నాటే ఘాటు

కార్తీక మాసం రాగానే చాలా ఇళ్లలో ఉల్లి, వెల్లుల్లి మానేస్తారు. పోపు భారమంతా ఇంగువ మీదే పడుతుంది. తమాషా ఏమిటంటే, వంటింట్లోకి రానివ్వని ఆ నెలలోనే వెల్లుల్లిని పెరట్లో నాటాలి. మన మైదానాల్లో అక్టోబరు నడిమి నుంచి నవంబరు నడిమి దాకానే దానికి అదను. ఆ అదనులో పెట్టిన రెబ్బ 120 నుంచి 135 రోజుల్లో, శివరాత్రి వెళ్లి ఉగాది వస్తోందనగా గడ్డై చేతికొస్తుంది. నీడన ఆరి పొట్టు గలగలలాడే సమయానికి ఆవకాయ రోజులు మొదలవుతాయి. మన వంటకూ దాని పంటకూ ఇంత చక్కగా పొత్తు కుదిరినా, పెరట్లో మిరప, వంగ, గోంగూర వేసేవాళ్లు వెల్లుల్లి జోలికి అంతగా పోరు.

పోయినవాళ్లు కూడా తరచుగా నిరాశపడతారు. డబ్బాలో మొలకెత్తిన రెబ్బను పారేయబుద్ధి కాక కుండీలో గుచ్చుతారు. వారంలో పచ్చటి ఆకు లేస్తుంది. నాలుగు నెలలు నీళ్లు పోసి పీకితే అడుగున ఉల్లికాడ మొదలంత తెల్లటి కాడ తప్ప ఏమీ ఉండదు. మట్టి బాగాలేదని, ఎరువు చాలలేదని అనుకుంటారు. చాలాసార్లు అసలు లోపం చలి దగ్గర, విత్తనం దగ్గర ఉంటుంది.

వెల్లుల్లి పుట్టిల్లు మధ్య ఆసియా కొండలు. దాని తొలి చరిత్ర కూడా అటువైపు నుంచే మనకు తిరిగొచ్చింది. 1890లో మధ్య ఆసియాలోని కూచా దగ్గర దొరికిన బోవర్ రాతప్రతి అనే సంస్కృత గ్రంథంలో మొదటి భాగం వెల్లుల్లితోనే మొదలవుతుంది. అమృతం తాగిన అసురుడి తల విష్ణువు నరికినప్పుడు నేలరాలిన చుక్కల నుంచి ఇది పుట్టిందని, అందుకే ద్విజులు తినరని అందులో కథ చెప్పి, ఆ వెంటనే దాని గుణాలను తెగ పొగుడుతారు. కార్తీకంలో మానేసి, మార్గశిరం రాగానే ఎల్లిపాయ కారం నూరుకునే మనకు ఆ ధోరణి కొత్తేమీ కాదు.

ఆ కొండల అలవాటు మొక్కను ఇంకా వదల్లేదు. మొదట కొన్ని వారాలు చలి తగలాలి. ఆ తర్వాత పగలు పొడుగవుతూ ఎండ ముదరాలి. అప్పుడే మొక్క ఆకులు పెంచడం ఆపి, తిండినంతా కిందికి పంపి రెబ్బలు కడుతుంది. ఎంత పొడుగు పగలు కావాలన్నది రకాన్ని బట్టి మారుతుంది. అగ్రిఫౌండ్ పార్వతి వంటివి ఉత్తరాది కొండల పొడుగు పగళ్లకు అలవాటుపడ్డ రకాలు. వాటిని గుంటూరులోనో కరీంనగర్‌లోనో నాటితే ఆకు తప్ప గడ్డ రాదు. బజారులో మన కళ్లు ముందుగా పడే, పెద్ద రెబ్బల నున్నటి గడ్డల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. విత్తనానికి అవి పనికిరావు. పొట్టి పగళ్లకు సరిపడేది యమునా సఫేద్ 3, అంటే జి-282. పుణె దగ్గర రాజగురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ ఇచ్చిన భీమా పర్పుల్ కూడా అలాంటిదే. జి-282లో గడ్డకు 15, 16 రెబ్బలుంటాయి. పేరున్న విత్తనం దొరక్కపోతే, దగ్గర్లో వెల్లుల్లి పండించే రైతు దగ్గర కొనడం మేలు. ఆ ఎండకు, ఆ చలికి ఆ గడ్డ అలవాటుపడి ఉంటుంది.

ఇక చలి. ఆదిలాబాద్ వైపు డిసెంబరు రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగుతాయి కాబట్టి అక్కడివాళ్లకు చింత లేదు. కోస్తాలో ఆ భాగ్యం తక్కువ. దానికి ఫ్రిజ్ ఉంది. నాటడానికి ఐదారు వారాల ముందు, విడదీయని గడ్డల్ని గుడ్డ సంచిలోనో కాగితం పొట్లంలోనో కట్టి కింది అరలో పెట్టాలి. గడ్డకట్టే అరలో పెట్టకూడదు. వంటకు దాచుకున్న వెల్లుల్లిని ఫ్రిజ్‌లో పెడితే మొలకలొస్తాయని పెద్దవాళ్లు వద్దంటారు. ఆ మాట నిజమే, విత్తనానికి మనకు కావలసిందీ అదే.

ఇంతకుముందే చలి తినని రెబ్బలు, ఆలస్యంగా నాటినవి, మరీ చిన్నవి కొన్నిసార్లు విడివడకుండా ఒకే గుండ్రటి రెబ్బగా ఊరతాయి. దాన్నే ఒంటి వెల్లుల్లి అని మందుల సరుకుల దుకాణాల్లో ఎక్కువ ధరకు అమ్ముతారు. పెరట్లో వస్తే పంట పోయిందనుకోనక్కర్లేదు. దాచి మళ్లీ అదనులో నాటితే మామూలు గడ్డ వస్తుంది.

నాటడం పెద్ద పనేమీ కాదు. వేళ్లు పైపైనే, జానెడు లోతులోపే తిరుగుతాయి. అందుకని మట్టి గుల్లగా ఉండాలి, నీరు నిలవకూడదు. నవంబరు తుఫాన్ల నెల కనుక కోస్తావాళ్లు ఎత్తు మడి కట్టుకోవాలి. మిద్దె మీదైతే అరడుగు లోతుకు తక్కువ కాని తొట్టెలు చాలు. బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపాలి. నాటే రోజునే గడ్డను విడదీయాలి. రెబ్బకున్న పొట్టు తీయకూడదు. మొన పైకి, వేరు వచ్చే చదును వైపు కిందికి ఉండేలా రెండు మూడు సెంటీమీటర్ల లోతున, రెబ్బకూ రెబ్బకూ పది సెంటీమీటర్లు వదిలి గుచ్చాలి. బోర్లా పడినదీ మొలుస్తుంది గానీ మెడ వంకర తిరిగి గడ్డ సన్నబడుతుంది. పైన పలచగా వరిగడ్డి పరిస్తే కలుపు తగ్గుతుంది. కలుపును చేత్తోనే తీయాలి, తవ్వుకోల పెడితే వేళ్లు తెగుతాయి.

ఎరువు దగ్గర ఆశ పనికిరాదు. మొదటి నెలన్నర ఆకు పెరగనివ్వాలి, ఎందుకంటే ఆకులెన్ని ఉంటే గడ్డకు అంత బలం. రెండు నెలలు దాటాక కూడా నత్రజని వేస్తూ పోతే మొక్క కళ్లకు నిండుగా కనిపిస్తుంది, లోపల రెబ్బలు మళ్లీ ఆకులేసి గడ్డ చీలిపోతుంది. ఆకుల మీద వెండి రంగు చారలు కనిపిస్తే తామర పురుగులు వచ్చినట్టు. వేపగింజల కషాయం, నీలిరంగు జిగురు అట్టలు పెరటి మట్టానికి సరిపోతాయి. ఆకు మీద ఊదా మచ్చలు వస్తే ఆ ఆకు తీసి దూరంగా పారేసి, నీళ్లు మొదట్లో మాత్రమే పోయాలి.

ఇది నీళ్లు పోయడం ఎప్పుడు ఆపాలో తెలిసినవాడి పంట అంటాను నేను. కింది ఆకులు పసుపు తిరిగి మెడ మెత్తబడగానే నీళ్లు మానేయాలి. ఎండిపోతున్న మొక్కను చూస్తూ ఊరుకోవడం పెరటి తోటవాళ్లకు మహా కష్టం, చెంబు చేతికి దానంతటదే వచ్చేస్తుంది. రెండు వారాలు అలా ఆరబెట్టి, ఆకుల్లో సగం ఎండగానే పెకలించాలి. మిగతా సగం ఎందుకు పచ్చగా ఉండాలంటే, గడ్డ చుట్టూ ఉండే పొట్టు పొరలు ఆ ఆకుల మొదళ్లే. ఆకులన్నీ ఎండేదాకా ఆగితే పొరలు మట్టిలోనే కుళ్లి, రెబ్బలు బయటపడి, నెల తిరక్కుండా వాడిపోతాయి. పెకలించినవి కడగకుండా, ఆకులతో సహా కట్టలు కట్టి గాలాడే నీడలో పది రోజులు వేలాడదీయాలి.

మంచి పంటలో హెక్టారుకు పది టన్నులు, అంటే చదరపు మీటరుకు కిలో వస్తుంది. పెరట్లో అంతకన్నా తక్కువే అనుకుందాం. ఆ మీటరులో పట్టేది వంద రెబ్బలు. 2024లో కిలో ధర 400 దాటినప్పుడు ఈ లెక్క మురిపించింది గానీ, డబ్బు కోసం అయితే దీనికి ఇంత శ్రమ అక్కర్లేదు. అంగడిలో దొరకనిది వేరే ఉంది: లేత ఆకు. నలభై రోజుల తర్వాత మొక్కకు ఒకటి రెండు ఆకులు మించకుండా కోసుకుంటే పెసరట్టులోకి, పప్పులోకి, గుడ్డు పొరటులోకి వస్తుంది. గడ్డ రాని కుండీలోని మొక్కకూ ఇదే సద్వినియోగం, దానికైతే పరిమితి కూడా లేదు.

గడ్డ రుచిలోనూ తేడా ఉంది. ఘాటు రెబ్బలో ముందే సిద్ధంగా ఉండదు. గంధకం ఉన్న అల్లిన్ ఒక చోట, దాన్ని మార్చే ఎంజైము మరో చోట విడివిడిగా ఉంటాయి. రోటిలో నలగ్గొట్టగానే రెండూ కలిసి అల్లిసిన్ పుడుతుంది. 1944లో కావలిటో, బెయిలీ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేసి చూపించారు. కచ్చాపచ్చాగా దంచి కాసేపు ఉంచిన వెల్లుల్లి కారానికున్న పొగరు, ఒలిచి చిదమకుండా నూనెలో వేసిన రెబ్బకు ఎందుకు రాదో దీన్నిబట్టి అర్థమవుతుంది. వేడికి ఆ ఎంజైము ముందే చచ్చిపోతుంది. మన ఎండలో, తక్కువ నీళ్లతో పెరిగిన చిన్న గడ్డ ఒలవడానికి విసుగే గానీ, రోట్లో పడితే బజారు గడ్డను మించుతుందని నా నాలుక చెబుతుంది.

పెకలించిన రోజు ఇంట్లో చిన్న తగువు తప్పదు. వంటకు పెద్ద గడ్డలు కావాలంటారు, ఒలవడం సులువు కనుక. విత్తనానికీ అవే కావాలి. వెల్లుల్లికి మన దగ్గర గింజ పట్టదు. రెబ్బ నుంచి రెబ్బగా అదే మొక్క ఏటేటా కొనసాగుతుంది కాబట్టి, పెద్దవి తినేసి చిన్నవి నాటితే మరుసటి ఏడు గడ్డ చిక్కిపోతుంది. ముందుగా పదో వంతు తీసి, అందులో మళ్లీ వెలుపలి వరుస లావు రెబ్బలు మాత్రమే నాటడం పాత పద్ధతి. ఎంత ఎంచి నాటినా వైరస్‌లు కూడా రెబ్బతో పాటే వస్తాయి. నాలుగైదేళ్లకు ఆకులు చారలుపడి గడ్డ తగ్గడం మొదలైతే, అది మన చేతి తప్పు కాదు. ఆ విత్తనం వంటకు పంపేసి, వేరే ఊరి నుంచి కొత్త గడ్డ తెచ్చుకోవాలి.