మూసిన అంగడికి కావలి

మన దేశమున పండుగ వచ్చినదనిన బజారు నిండును. ఈ ఆస్ట్రేలియాలో పండుగ వచ్చినదనిన బజారు నిర్జనమగును. విజయవాడ వన్‌టౌనులోగాని సికింద్రాబాదు జనరల్ బజారులోగాని దసరా ముందరి రాత్రి దొంగ తిరిగినచో జేబులు కత్తిరించుటకు తిరుగవలసినదే కాని, తాళములు పగులగొట్టుటకు వానికి తెరపి చిక్కదు. ఏలయన అచట అంగడి మూసినను అరుగు మూయబడదు, దానిపై ఎవడో యొకడు పండుకొనియే యుండును. సిడ్నీ పశ్చిమభాగమున మా వెంట్‌వర్త్‌విల్ వీధి అట్టిది కాదు. డిసెంబరు 24వ తేదీ మధ్యాహ్నము దాటగానే క్షురకుడు, మందుల దుకాణదారు, పండ్లవైద్యుడు, పన్నులలెక్కలు చూచువాడు ఒకరివెంట నొకరు షట్టర్లు దింపి, సముద్రతీరములకో బంధుగృహములకో బయలుదేరుదురు. వారిలో కొందరి దర్శనము మరల జనవరి రెండవ వారమున గాని లభింపదు. మండువేసవి, బడులకు సెలవులు, వీధిలో పిట్ట యైనను లేదు. చోరునకు ఇంతకంటె శుభముహూర్తము ఏ పంచాంగమున నుండును?

చౌర్యమునకు మనవారు శాస్త్రగౌరవము నొసగిరి. శూద్రకుని మృచ్ఛకటికమున శర్విలకుడు చారుదత్తుని గోడకు కన్నము వేయునపుడు ఏ యాకారమున వేసిన శోభించునో తర్కించి, పూర్ణకుంభాకృతిని ఎన్నుకొని, జందెమును కొలత్రాడుగా వాడుకొనును. దొంగకు ఇంత విద్య కలదు, మరి కావలివానికో? వాని పక్షమున ఏ కవియు నాటకము వ్రాయలేదు. ఈనాటి వర్తకునకు ఉన్న గ్రంథమెల్ల పోలీసుశాఖవారు పండుగల ముందర పంచిపెట్టు కరపత్రమొక్కటియే. కిరాణా వర్తకుడనైన నేను దానిని ఏటేట శ్రద్ధగా చదువుదును. చదివిన ప్రతిసారియు ఒకచోట ఆగుదును.

ఆ చోటు గల్లాపెట్టెను గూర్చినది. సొమ్మంతయు తీసివేసి, ఖాళీ సొరుగును బార్లా తెరచి, వీధిలో పోవువానికి అద్దములోనుండి కనబడునట్లు విడువవలెనని వారి యుపదేశము. దొంగ చూచి, లోపల ఏమియు లేదని గ్రహించి, అద్దము పగులగొట్టు శ్రమ మానుకొనునని దీని భావము. తర్కము నిర్దుష్టమే. కాని గల్లాపెట్టె లక్ష్మీస్థానమని, ఉదయము దానికి మ్రొక్కి గాని తొలి బేరము చేయరాదని పెరిగిన వంశమువారికి, నోరు తెరచుకొన్న ఖాళీ గల్లాను విడిచి పోవుట యెట్లు? ఈ ధర్మసంకటమును మా యింటివారు తీర్చిరి. సొరుగులో పసుపు కుంకుమలు పెట్టి ఒక్క రూపాయిబిళ్ల నుంచిరి. అమ్మవారు శూన్యాసనమున లేదు. ఆ నాణెమునకై అద్దము పగులగొట్టు చోరుడు ఈ ఖండమున పుట్టలేదు.

నా యనుభవమున, మూసిన అంగడికి తాళముకంటె దృష్టియే గొప్ప రక్ష. 1961లో జేన్ జేకబ్స్ అను అమెరికను రచయిత్రి నగరజీవనముపై వ్రాసిన గ్రంథమున, వీధిపై నిలిచిన సామాన్యుల కన్నులే వీధిని కాపాడునని వాదించినది. మనవారి దుకాణముల యద్దములు చూడుడు: క్రొత్త సినిమా పోస్టరు, సంక్రాంతి సంబరముల ప్రకటన, అద్దెకు గది కలదను చీటీ, వీనితో సూర్యరశ్మికే ప్రవేశము లేదు. ఒకసారి లోన జొచ్చిన దొంగకు ఆ కాగితములే తెరలు. కావున సెలవులకు ముందర వానినన్నిటిని పీకివేసి, లోపల ఒక దీపము వెలిగించి పోవుదును. మరి మూసియుండు దినములను తలుపుపై వ్రాసి యంటించుట నాకు సమ్మతము కాదు. అది ఆహ్వానపత్రిక వంటిది. వాడుకదారులకు నోటిమాటగా చెప్పిన చాలును.

వీధిముఖము కంటె వెనుక సందు ప్రమాదకరము. పాలక్రేట్లు నాలుగు ఒకదానిపై నొకటి నిలిపినచో కప్పునకు నిచ్చెన సిద్ధము. అట్టపెట్టెల గుట్టకు ఎవడైన ఆకతాయి అగ్గిపుల్ల గీచినచో దుకాణమే దగ్ధము. చెత్తబుట్టలను గోడకు దూరముగా జరుపవలెను.

ప్రమాదమనగా దొంగయే యనుకొనుట పట్టణవాసుల భ్రమ. 1974లో క్రిస్మసు తెల్లవారుజామున ట్రేసీ తుపాను డార్విను పట్టణమును నేలమట్టము గావించి 66 మందిని బలిగొనెను. అదే నెల మొదట సెల్మా యను తుపాను దగ్గరకు వచ్చి మరలిపోయినందున, ఇదియు అట్లే పోవునని జనులు పండుగ పనులలో మునిగియుండిరి. 1977 దివిసీమ ఉప్పెనను ఎరిగిన తెలుగువారికి ఈ కథ విశేషించి చెప్పనక్కరలేదు. 2020 జనవరి 4న మాకు సమీపముననున్న పెన్రిత్‌లో ఎండ 48.9 డిగ్రీలకు చేరెను. అట్టి దినమున విద్యుత్తు పోయి ఫ్రీజరు ఆగినచో, దొంగ మోసికొని పోజాలనంత సరుకు ఒక్క సాయంకాలమున కుళ్లిపోవును. వర్తకులు కెమెరాలకు వేలు పోయుదురు. ఫ్రీజరు వేడెక్కినపుడు ఫోనునకు కబురంపు చిన్న యంత్రమును కొనుటకు మాత్రము బేరములాడుదురు.

అలారము సంగతియు అంతియే. అది మ్రోగినపుడు పర్యవేక్షణ కేంద్రమువారు తాళపుచెవి గలవానికి ఫోను చేయుదురు. ఆ తాళపుచెవి గలవాడు సింగపూరు మీదుగా హైదరాబాదు పోవు విమానమున నిద్రించుచున్నచో ఆ మ్రోత అరణ్యరోదనమే. అవసరమునకు 000, అంత తొందర లేనిచో 131 444 అను సంఖ్యలు గోడపై వ్రాసియుంచుట మంచిదే. కాని చదువుటకు ఒక మనిషి యుండవలెను గదా. అదియు తెలివిగల మనిషి. 1878 డిసెంబరు 10న విక్టోరియాలోని యురోవా పట్టణమున నెడ్ కెల్లీ ముఠా నేషనల్ బ్యాంకును దోచినపుడు మొదట తాళము విరుగలేదు. వేళ మించిన పిదప చెక్కు మార్చుకొనవలెనని వచ్చి తలుపు తట్టిరి.

అట్టి మనిషి దొరకుటకు ఈ దేశము మనకొక సదుపాయము కల్పించినది. మా వరుసలోని దుకాణదారుల పండుగలన్నియు ఒక్కనాడు రావు. క్రిస్మసుకు ఊరంతయు పోయినను నాకు పోవలసిన పనిలేదు. 2008 నాటి న్యూ సౌత్ వేల్స్ వర్తక శాసనము నావంటి చిన్న దుకాణములకు ఆనాడు కూడ తెరచుకొనుటకు మినహాయింపు నిచ్చినది. కనుక పండ్లవైద్యుని తలుపుక్రింద పడిన ఉత్తరములను ఏరి దాచుట, మంగలి వెనుకతలుపును రాత్రి నా దుకాణమునకు తాళము వేయకముందు ఒకసారి లాగిచూచుట నా వంతు. గ్రీకు రొట్టెలవాని ఈస్టరు వేరు, లెబనాను కసాయివాని రంజాను వేరు, వియత్నాము కూరగాయల వర్తకుని నూతన సంవత్సరము వేరు. ఎల్లవేళల ఎవడో యొకడు మేలుకొనియే యుండును. తాళపుచెవులు మార్చుకొనుటకు ముందు బీమాపత్రమును ఒకసారి చదువుకొనుడు. ప్రాంగణము ఎక్కువకాలము శూన్యముగా నున్నచో పరిహారము తగ్గించు నిబంధనలు కొన్నిటియందు కలవు.

ఈ ఏట సంక్రాంతికి ఊరికి పోవుచున్నాను. నా తాళపుచెవి వియత్నాము వర్తకునివద్ద నున్నది. తన నూతన సంవత్సరములోగా నేను తిరిగి రావలెనని ఆయన షరతు.