క్షమయు సమాధానమును: పౌలు బర్నబాల వివాదకథా విమర్శనము

క్రైస్తవగ్రంథములలో క్షమను బోధించు వాక్యములు పెక్కు గలవు. ఆ బోధ చేసిన పెద్దలే కలహించి విడిపోయిన వృత్తాంతమును దాపరికము లేక తెల్పు ఘట్టము, అపోస్తలుల కార్యములలో పదునైదవ యధ్యాయమునందలి పౌలు బర్నబాల వివాదము. ఇందలి శబ్దప్రయోగమును పరిశీలించినచో క్షమకును సమాధానమునకును గల భేదము స్పష్టపడును.

కుప్రద్వీపవాసియగు బర్నబా, శిష్యులు పౌలును నమ్మక భయపడిన కాలమున, అతనిని చేపట్టి అపోస్తలులయొద్దకు తోడ్కొనిపోయినవాడు. పిదప నిరువురును కూడి దేశయాత్ర చేసిరి. బర్నబా జ్ఞాతియగు మార్కు వారితో బయలుదేరి, పంఫూలియలోని పెర్గేనుండి యెరూషలేమునకు మరలిపోయెను. రెండవ యాత్రకు మార్కును వెంట గొనిపోవలెనని బర్నబాయు, కూడదని పౌలును పట్టుపట్టిరి. తుదకు బర్నబా మార్కుతో ఓడ యెక్కి కుప్రకును, పౌలు సీలతో సిరియ కిలికియలకును పోయిరి.

కథకుడగు లూకా యెవ్వరి పక్షమును వహింపలేదు. మార్కు మరలిపోవుటను తాను చెప్పునపుడు ‘వెడలిపోవుట’ యను నర్థము గల గ్రీకుపదమును, పౌలు తలంపును చెప్పునపుడు ‘విడనాడుట’ యను నర్థము గల పదమును వాడెను. ఒక్క కార్యమే చూచువాని మనస్సును బట్టి రెండు పేరులు పొందినది. వివాదమునకు వాడిన పదము ‘పరొక్సుస్మొస్’. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, పదుమూడవ యధ్యాయమున, ప్రేమకు లేదని పౌలు చెప్పిన రేగుబాటును తెల్పు క్రియయు దీనికి సజాతీయమే. వాడుకలోనున్న తెలుగు బైబిలున మొదటిచోట వాదమనియు రెండవచోట కోపమనియు ననువదింపబడుటచే నీ సంబంధము మరుగుపడినది.

మరి వీరెట్లు సమాధానపడిరి? ఆ దృశ్య మెచ్చటను వర్ణింపబడలేదు. కాని ఫిలేమోనునకు వ్రాసిన పత్రికలో మార్కు పౌలు జతపనివారిలో నొకడు. కొలొస్సయుల పత్రికలో, అతడు వచ్చినచో చేర్చుకొనవలెనని యున్నది. తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో అతడు పరిచర్యకు ‘ప్రయోజనకారి’. యజమానుని విడిచిపోయిన ఒనేసిమునకు ఫిలేమోను పత్రికలో లభించిన విశేషణమును ఇదియే. ఈ కడపటి రెండును పౌలు స్వహస్తకృతులు కావని పెక్కుమంది పండితుల మతము. అట్లైనను, పౌలు పేర నీ మాటను నిలిపినవారు కలహముకన్న కలయికనే ప్రమాణముగా గ్రహించిరనుట తేటపడుచున్నది.

బర్నబా విషయ మట్లు కాదు. వివాదానంతరము కొరింథీయులకు వ్రాయుచు పౌలు అతనిని తనతో సమానుడగు కష్టజీవిగా పేర్కొనెను. వారు మరల కలిసిరని మాత్ర మెచ్చటను లేదు. మూలమున లేని యాలింగనమును కల్పించుట వ్యాఖ్యాతకు తగదు.

సంస్కృతమున ‘క్షమ’ కు మూలార్థము సహనము. క్రొత్త నిబంధనలో క్షమించుటకు తరచుగా వాడిన గ్రీకుక్రియకు విడిచిపెట్టుట యని యర్థము. ఈ రెండును ఒక్కని మనస్సులోనే ముగియవచ్చును. ‘సమాధానము’ అట్టిది కాదు. సమ్, ఆ అను నుపసర్గలతో కూడిన ధా ధాతువున కేర్పడిన యీ పదమునకు చక్కగా కూర్చి యుంచుట యని యర్థము. తెలుగు అనువాదకులు సహోదరునితో సమాధానపడుట యని ప్రయోగించుట యెంతయు నుచితము. మార్కునెడ జరిగినది యిదియే. అతని తప్పును గూర్చి యే పత్రికయు మరల విచారింపలేదు; విడిచిపోయిన పనిలోనే యతనికి చోటు కల్పింపబడినది. బర్నబానెడ గౌరవము మాత్రము మనకు కనబడుచున్నది. క్షమకు నీ గౌరవము చాలును. సమాధానమునకు పనిలో పాలు కావలయును.