శ్రీకాకుళాంధ్రదేవుడు: ఆముక్తమాల్యద, ఆంధ్రనాయక శతకాలలో దైవపాత్ర చిత్రణ

వ్యాససంగ్రహం

కృష్ణాతీరంలోని శ్రీకాకుళ క్షేత్రంలో వెలసిన ఆంధ్రమహావిష్ణువు రెండు ప్రసిద్ధ తెలుగు కావ్యాలకు కేంద్రమయ్యాడు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదకు ప్రేరణ పొందినట్లు చెప్పుకొన్నది ఇక్కడే. దివిసీమకు చెందిన కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకాన్ని సంబోధించినదీ ఈ స్వామినే. మొదటి కావ్యంలో దేవుడు కవిని అడుగుతాడు. రెండవదానిలో కవి దేవుణ్ణి నిలదీస్తాడు. ఈ రెండు సన్నివేశాలలో దేవుడు ఒక పాత్రగా ఎలా రూపొందాడో, ఆ రూపకల్పనలోని సామ్యభేదాలు ఏమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆముక్తమాల్యద, ఆంధ్రనాయక శతకం, నిందాస్తుతి, దైవపాత్ర, దివిసీమ, గోదాదేవి.

1. ఉపోద్ఘాతం

శ్రీకాకుళం అనగానే నేడు ఎక్కువమందికి ఉత్తరాంధ్రలోని జిల్లా కేంద్రం గుర్తుకువస్తుంది. సాహిత్య చరిత్రలో ప్రసిద్ధమైన శ్రీకాకుళం మాత్రం కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణానది ఒడ్డున ఉన్న గ్రామం. అక్కడినుండి నది దిగువకు సాగితే మోపిదేవి, అవనిగడ్డ ప్రాంతాలు, చివర కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి వస్తాయి. పురుషోత్తమకవి స్వగ్రామమైన పెదప్రోలు ఈ పరిసరాలలోనిదే. ఆయనకు దేవరకోట సంస్థానాధిపతులైన చల్లపల్లి జమీందారుల ఆదరణ లభించింది. హంసలదీవి గోపాలునిపై కూడా ఆయన శతకం చెప్పాడు.

విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళికలలో ఆముక్తమాల్యద ప్రబంధ విభాగంలోను, ఆంధ్రనాయక శతకం శతక విభాగంలోను చేరుతాయి. ప్రక్రియాభేదాన్ని బట్టి ఈ విభజన సమంజసమే. అయితే దీనివల్ల ఒకే దైవాన్ని గురించిన రెండు రచనలను పక్కపక్కన ఉంచి చదివే అవకాశం తగ్గిపోయింది. పైగా రాయల స్వప్న ఘట్టం చారిత్రక ఆధారంగానో భాషాభిమాన ప్రకటనగానో ఉదాహృతమైనంత తరచుగా పాత్రచిత్రణగా చర్చకు రాలేదు.

2. అడిగే దేవుడు: ఆముక్తమాల్యద స్వప్న ఘట్టం

కళింగ దండయాత్రకు వెళ్తూ విజయవాడ మీదుగా శ్రీకాకుళం చేరిన రాయలు, హరివాసరాన ఉపవసించి, ఆ రాత్రి నాలుగవ జామున స్వప్నంలో ఆంధ్రవిష్ణువును దర్శించినట్లు కావ్యావతారికలో చెప్పాడు. స్వామి ముందుగా రాయల సంస్కృత రచనలను పేరుపేరునా ప్రస్తావించి మెచ్చుకొంటాడు. ఇన్ని రాసినవానికి తెలుగు కావ్యం అసాధ్యమా అని ప్రశ్నిస్తాడు. శ్రీరంగంలో జరిగిన తన పెండ్లికథను చెప్పమని కోరతాడు. ఆ తరువాతే తెలుగు ఎందుకన్న సందేహానికి సమాధానం ఇస్తాడు.

భాషను గురించిన ఆ ప్రసిద్ధ పద్యాన్ని సందర్భం నుండి వేరుచేస్తే అది నినాదమవుతుంది. సందర్భంలో చదివితే ఒక పాత్ర మరొక పాత్రను ఒప్పించేందుకు వరుసగా పేర్చిన హేతువులు కనిపిస్తాయి. దేశం తెలుగుదన్నది మొదటి హేతువు. అడుగుతున్న తాను తెలుగు వల్లభుడన్నది రెండవది. చివరి హేతువు మాత్రం శ్రోత అనుభవం నుండే వస్తుంది. కొలువులో నానాదేశాల రాజులతో మాటాడే చక్రవర్తికి ఏ భాష ఎలాంటిదో స్వయంగా తెలుసు. తెలుగు మేలన్న నిర్ణయం ఆ ఎరుక మీద ఆధారపడింది. శాసించగల దేవుడు శాసించక, ఎదుటివాని వివేకాన్ని సాక్ష్యానికి పిలిచాడు. ఇది ఈ పాత్ర మొదటి లక్షణం.

రెండవ లక్షణం మరింత గమనింపదగినది. ఈ దేవునికి ఒక కొరత ఉంది. పూర్వం ఒక పురుషుడు సమర్పించిన పూలదండను మొగమాటంతో స్వీకరించానని, ప్రియురాలు ముడిచి ఇచ్చిన మాలను గురించిన కథ ఆ లోటును కప్పాలని స్వామి అంటాడు. మథురలో శ్రీకృష్ణునికి పూలదండలిచ్చిన మాలాకారుని వృత్తాంతం ఇక్కడ స్ఫురిస్తుంది. ఆ మాటలోనే తనను తెలుగురాయడని చెప్పుకొని, రాయలను కన్నడరాయడని పిలుస్తాడు. ఒక రాజు మరొక రాజుతో చనువుగా మాట్లాడే ధోరణి ఇది. పరిపూర్ణుడు కావలసిన దైవం తన లోటును ఒప్పుకొని, దానిని తీర్చే పనిని మానవుని రచనకు అప్పగించాడు.

మూడవ లక్షణం త్యాగం. కావ్యాన్ని కోరినవాడు శ్రీకాకుళేశుడు. అంకితం మాత్రం రాయల ఇష్టదైవమైన వేంకటేశ్వరునికి చేయమన్నదీ ఆయనే. పేరు వేరైనా ఆ స్వామి తానేనని సమాధానం చెప్పాడు. తాత్త్వికంగా ఇందులో వైరుధ్యం లేదు. కాని కృతిభర్తృత్వం తిరుమలకు చేరి, శ్రీకాకుళానికి ప్రేరకత్వం మాత్రమే మిగిలింది. సామ్రాజ్యమంతటా పూజలందుకొనే దైవం ముందు ఒక నదీతీర గ్రామదైవం తనంతట తాను వెనుకకు జరిగిన సన్నివేశమిది.

3. కావ్యకథలో ఈ లక్షణాల విస్తరణ

అవతారికలో దేవునికి ఏర్పడిన స్వభావమే ప్రధాన కథలోని పాత్రల సంబంధాలను నడిపిస్తుంది. విల్లిపుత్తూరులో పూలమాలలు కట్టే విష్ణుచిత్తుని మధురలోని పాండ్యరాజ సభకు వాదానికి వెళ్లమని స్వామి ఆదేశిస్తాడు. గుడి ఊడ్చడం, నీరు మోయడం, మాలలు అల్లడం వంటి సేవలు తప్ప తనకు వాదాలెందుకని, వేరెవరినైనా పంపమని విష్ణుచిత్తుడు వేడుకొంటాడు. శాస్త్రజ్ఞులు ఉండగా దేవుడు తోటమాలినే ఎన్నుకొన్నాడు. తన మాట చెప్పడానికి దైవానికి ఒక మనిషి గొంతు కావలసివచ్చింది. అవతారికలో ఆ గొంతు రాయలది. కథలో అది విష్ణుచిత్తునిది.

మాలదాసరి కథలో ఈ భావం పరాకాష్ఠకు చేరింది. కురుంగుడి స్వామిని వేకువన పాటతో సేవించే దాసరిని బ్రహ్మరాక్షసుడు పట్టుకొంటాడు. సేవ ముగించి తిరిగివస్తానని మాట ఇచ్చి వెళ్లిన దాసరి, అన్నట్లే తిరిగివస్తాడు. అప్పుడు రాక్షసుడే ఆ గానఫలాన్ని యాచిస్తాడు. అతడు పూర్వజన్మలో సోమశర్మ అనే బ్రాహ్మణుడు. ఇక్కడ శాపవిమోచనం కలిగించింది సాక్షాత్తు విష్ణువు కాదు. సమాజం దూరంగా నిలబెట్టిన ఒక గాయకుని పాట. దేవుడు రంగం మీదికి రాకుండానే దేవుని పని జరిగింది. దాసరి సత్యనిష్ఠను ప్రశంసించే విమర్శ, ఈ కథలో దైవం వహించిన మౌనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

గోద ఈ క్రమానికి ముగింపు. దేవునికి ఉద్దేశించిన మాలను ముందుగా తాను ధరించడం సేవానియమం ప్రకారం దోషం. ఆ దోషమే దేవుని కొరతను తీర్చే గుణమైంది. ఆమె భూదేవి అంశమని కావ్యం చెబుతుంది. అంటే ఆంధ్రవిష్ణువు నిండుదనానికి భూదేవి ఇచ్చిన మాల కారణమైంది. ఈ అంశం శతక పరిశీలనకు కీలకం.

4. పలకని దేవుడు: ఆంధ్రనాయక శతకం

రాయల తరువాత రెండున్నర శతాబ్దాలకు పైగా గడిచాక పురుషోత్తమకవి అదే స్వామి ఎదుట నిలబడ్డాడు. అప్పటికి విజయనగరం లేదు. కవులకు చక్రవర్తులు పోయి జమీందారులు మిగిలారు. ఆలయం జీర్ణదశలో ఉన్నప్పుడు ఈ శతకం పుట్టిందని, దాని ఫలితంగా ఉద్ధరణ జరిగిందని ప్రతీతి ఉంది. ఆ ప్రతీతిని పక్కన పెట్టినా, శతక స్వరంలోని నిష్ఠూరం పాఠంలోనే స్పష్టంగా ఉంది.

ఆముక్తమాల్యదలో మాట్లాడిన దేవుడు ఈ శతకంలో మౌని. సీసపద్యాలన్నింటిలో వినిపించేది కవి గొంతే. ఇంటి పెద్దను చనువున్నవాడు దెప్పిపొడిచినట్లు కవి ఏకవచనంలో నిలదీస్తాడు. రాయల స్వప్నంలో దేవుడు రాజును రాజుగా పలకరిస్తే, ఇక్కడ ఆశ్రితుడు యజమాని ఇంటి గుట్టు బయటపెడతాడు.

శతకంలో బహుళ ప్రచారం పొందిన ఒక పద్యం ఇందుకు మంచి నిదర్శనం. ఇల్లాలైన భూదేవి బరువంతా మోయబట్టి విశ్వభారకుడన్న పేరు వచ్చింది. లక్ష్మి భార్య కాబట్టి కోరికలు తీర్చేవాడన్న ఘనత దక్కింది. బ్రహ్మ కొడుకు కాబట్టి పెద్ద సంసారి అయ్యాడు. గంగ కూతురు కాబట్టి పతితపావనుడయ్యాడు. ఆలుబిడ్డలు తెచ్చిన ఖ్యాతే తప్ప, మొదటినుండీ నీవు దామోదరుడవేనని కవి ముగిస్తాడు. సంసారభారం వదిలేసి పెద్దరికం అనుభవించే గృహస్థుని చిత్రం ఇది. పురాణ మహిమలన్నీ దివిసీమ పల్లెలోని ఇంటి కష్టసుఖాల లెక్కలోకి దిగివచ్చాయి.

5. నింద కరిగిపోతుందా?

ఆలంకారికులు వ్యాజస్తుతిని నింద రూపంలోని స్తుతిగా నిర్వచించారు. ఆ నిర్వచనం ప్రకారం, భార్యాబిడ్డల శక్తులన్నీ చివరికి విష్ణువువే కనుక పై పద్యం స్తుతిగానే పర్యవసిస్తుంది. ఈ వ్యాఖ్య సరైనదే కాని చాలదు. నింద పూర్తిగా కరిగిపోతే నూటికి పైగా పద్యాలలో దానిని కొనసాగించవలసిన అవసరం కవికి ఉండదు. ప్రతి పద్యంలోనూ స్తుతి నిందను సమర్థించుకొంటుంది. ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది. రక్షించవలసినవాడు ఎందుకు ఊరకున్నాడన్న ఆ ప్రశ్నే శతకానికి ప్రాణం.

దామోదర శబ్దం ఈ రెండంచులకూ ఉదాహరణ. యశోద త్రాటితో కట్టివేసిన పొట్ట కలవాడని దాని అర్థం. ఎత్తిపొడుపుగా చూస్తే, స్వతంత్రించి ఏమీ చేయలేక కట్టుబడి ఉన్నవాడు. స్తుతిగా చూస్తే, ప్రేమకు మాత్రమే లొంగేవాడు. సంస్కృతంలో దామ శబ్దానికి త్రాడన్న అర్థంతో పాటు పూలమాల అన్న అర్థమూ ఉంది. ఆముక్తమాల్యదలో గోద ముడిచి ఇచ్చిన దామానికి స్వామి కట్టుబడ్డాడు. శతకంలో యశోద దామానికి కట్టుబడినవానిగా మిగిలాడు. పురుషోత్తమకవి రాయల కావ్యాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ పదం వాడాడని చెప్పడానికి ఆధారం అవసరం. ఇక్కడి ప్రతిపాదన ప్రభావానికి సంబంధించినది కాదు. ఒకే క్షేత్రదైవాన్ని ఊహించిన ఇద్దరు కవులు, ఆ దైవం ఇతరుల వల్లనే పూర్ణుడవుతాడన్న భావానికి వేర్వేరు దారుల్లో చేరుకొన్నారన్నదే ప్రతిపాదన. రెండింటిలోనూ ఆ పూర్ణతకు మొదటి ఆధారం భూదేవే కావడం విశేషం.

6. భేదం

సామ్యం ఉన్నంత మాత్రాన ఈ రెండు రచనల మధ్య దూరం చెరిగిపోదు. రాయల దేవుని కోరిక తీర్చగలిగింది, ఎందుకంటే విన్నవాడు సమర్థుడు. మరునాటి కొలువులో పండితులు ఆ కల శుభఫలాలను వివరించారు కూడా. పురుషోత్తమకవి ప్రశ్నకు జవాబు చెప్పే కల రాలేదు. అధికారం ఉన్నచోట దేవుడు అడిగాడు. అది లేనిచోట మనిషి అడిగాడు. భక్తి ఒకటే అయినా, మాట్లాడే హక్కు ఎవరిదన్నది కాలాన్ని బట్టి, స్థానాన్ని బట్టి మారింది.

అయితే శతకం ఒక పాత బాకీని కూడా తీర్చింది. ఆముక్తమాల్యదలో శ్రీకాకుళేశుడు వదులుకొన్న అంకితం, శతక మకుటంగా ఆయన పేరుకే తిరిగివచ్చింది. ప్రతి పద్యమూ నిందతో సాగి ఆ ఊరి పేరుతో, ఆ దేవుని పేరుతో ముగుస్తుంది.

7. ముగింపు

తెలుగు భాషా గౌరవానికి ప్రతీకగా రాయల పద్యం నేటికీ వేదికల మీద వినిపిస్తుంది. అవనిగడ్డ ప్రాంత ప్రజాప్రతినిధి మండలి వెంకటకృష్ణారావు విద్యామంత్రిగా ఉండగా 1975లో హైదరాబాదులో జరిగిన తొలి ప్రపంచ తెలుగు మహాసభలు ఆ భాషాభిమానానికి సంస్థాగత రూపమిచ్చాయి. ఆ గౌరవం ఉచితమే. అయితే పద్యం పలికిన పాత్రను మరచిపోతే నష్టం విమర్శకే. తెలుగు మేలన్నవాడు విజేత కాదు. కొరత కలిగి, కథ కోసం అర్థించిన దేవుడు. ఆ దేవుణ్ణే పురుషోత్తమకవి జనం నుడికారంలో నిలదీశాడు.

కాబట్టి తరగతి గదిలో స్వప్న ఘట్టాన్ని బోధించేటప్పుడు శతకంలోని కొన్ని పద్యాలను జతచేసి చదివించడం ఉపయోగకరం. అలా చదివినప్పుడు భాషను గురించిన పద్యం ఒక సంభాషణలో సగం మాత్రమేనని విద్యార్థికి తెలుస్తుంది. మిగతా సగాన్ని దివిసీమ కవి పూరించాడు.