‘మా అమ్మ కూడా వాడేస్తుంది’

కొత్త ఫోన్ గురించో, వాషింగ్ మెషీన్ గురించో పత్రికల్లో, వీడియోల్లో వచ్చే సమీక్షల్లో ఒక వాక్యం తరచూ తగులుతుంది. ‘చాలా సులువండీ, మా అమ్మ కూడా వాడేస్తుంది.’ చెప్పేవాళ్ళు ప్రేమగానే చెప్తారు. వినేవాళ్ళూ చిన్నగా నవ్వుకుంటారు. పరిశోధన పేరుతో కొన్నేళ్ళపాటు కథల్లో, నవలల్లో స్త్రీ పాత్రల్ని వెతుక్కుంటూ తిరిగినదాన్ని కాబట్టి ఈ వాక్యంలోని అమ్మ పాత్ర మీద నా చూపు ఆగిపోయింది. ఆమెకి పేరు లేదు, మాట లేదు. కొలబద్దలా నిలబడటం ఒక్కటే ఆమె పని. తెలియనితనానికి అట్టడుగు గీత ఎక్కడుందో ఆమెని చూపించి చెప్తారు. ‘మా నాన్న కూడా వాడేస్తారు’ అన్నమాట నేను విన్నది చాలా తక్కువ. నాన్నకి ఫోన్‌లో అక్షరం పెద్దది చేసుకోవడం రాకపోయినా ఆయన్ని కొలబద్ద చెయ్యరు.

స్త్రీవాద విమర్శ సినిమాని చదివింది, వాణిజ్య ప్రకటనని చదివింది, సామెతల్ని చదివింది. వస్తువుల మీద జనం తేలిగ్గా విసిరే ఈ అభిప్రాయాల్ని మాత్రం మనం చదవదగ్గ పాఠంగా చూడలేదనే అనుకుంటున్నాను. ఏ ఫోన్ కెమెరా బాగుంది, ఏ కంపెనీ ధర పెంచింది, ఏ యాప్ దండగ అని రోజూ ఇన్ని మాటలు పుడుతున్నాయి. ఇందులో ఏముంది, ఊసుపోని కబుర్లే కదా అనిపిస్తుంది. నాకు ఆసక్తి కలిగించినది కూడా ఆ ఊసుపోనితనమే. ఒక వస్తువు గురించి ఊసుపోక మాట్లాడాలంటే అది మనది అయివుండాలి, పాడైతే ఇంకోటి కొనుక్కోగలగాలి, దాన్ని తెరిచి చూసుకోడానికి ఒక గంట తీరిక ఉండాలి, మన అభిప్రాయానికి విలువుంటుందన్న ధీమా ఉండాలి. ఇవన్నీ ఎవరికున్నాయి?

మా పిన్నిని తీసుకుంటాను. గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్టణంలో ఉంటుంది. వాళ్ళ వీధికి మునిసిపాలిటీ నీళ్ళు రోజు విడిచి రోజు, తెల్లవారుజామున గంటసేపు వస్తాయి. పిల్లలు ముచ్చటపడి ఫుల్లీ ఆటోమేటిక్ మెషీన్ కొంటామంటే వద్దని సెమీ ఆటోమేటిక్ తెప్పించుకుంది. ఫుల్లీ ఆటోమేటిక్‌కి కుళాయి నుంచి ధార ఆగకుండా రావాలి. సెమీ ఆటోమేటిక్‌లో అయితే పట్టిపెట్టుకున్న నీళ్ళు బకెట్‌తో పోసుకోవచ్చు. తెల్లబట్టలు తిప్పిన సబ్బునీళ్ళలోనే రంగు బట్టలు, వాటి తర్వాత మసిగుడ్డలు తిప్పుకోవచ్చు, ఆఖరున మిగిలిన నీళ్ళతో బాత్‌రూమ్ కడుక్కోవచ్చు. బోరు నీళ్ళు వాడితే లోపల తెల్లగా ఉప్పు పేరుకుంటుందని కూడా ఆవిడ లెక్క వేసుకుంది. పైప్‌లో నీటి ఒత్తిడి, నీటి కాఠిన్యం, పునర్వినియోగం, యంత్రం ఆయుష్షు అన్నీ ఉన్న సాంకేతిక సమీక్ష ఇది. కానీ ఇంట్లో దీనికి వచ్చిన పేరు ‘పిన్ని నీళ్ళ గోల’. మా బాబాయి మెషీన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్తే అది ‘నాలెడ్జి’. బాబాయి ఆ మెషీన్‌లో ఇంతవరకూ ఒక్క జత బట్టలు కూడా వెయ్యలేదన్న సంగతి పక్కన పెడదాం.

ఒకే వస్తువు మీద ఒకరి మాట అభిప్రాయం, ఇంకొకరి మాట సణుగుడు ఎందుకవుతోంది? సణుగుడు అనుకున్న మాటని ఒక్కసారి చెవినపెట్టినప్పుడు ఏం జరిగిందో చెప్పడానికి మన వంటింట్లోనే సాక్ష్యం ఉంది. 1960ల్లో మాధురీ మాథుర్ అనే గృహిణి దగ్గర జర్మన్ కంపెనీ బ్రాన్ మిక్సర్ ఉండేది. ఐరోపా వంటకి తయారుచేసిన ఆ మోటారు మన పప్పులకీ మసాలా దినుసులకీ తట్టుకోలేక కాలిపోయింది. ఇక్కడ బాగుచేసే దిక్కు లేదు. సీమెన్స్‌లో ఇంజనీరుగా ఉన్న ఆమె భర్త సత్యప్రకాశ్ మాథుర్, ఆమె అడగ్గా, బలమైన మోటారుతో ఒక యంత్రాన్ని రూపొందించాడు. అదే సుమీత్ మిక్సీ. ఎండుమిరపకాయలకి ఎంత శక్తి కావాలో, నానిన మినపప్పు బ్లేడుని ఎలా పట్టేస్తుందో రోలు ముందు కూర్చున్నవాళ్ళకే తెలుసు. అయినా ఈ కథ చెప్పుకునేటప్పుడు ఆయన ఆవిష్కర్త, ఆవిడ ప్రేరణ. ఈ ‘ప్రేరణ’ అన్న మాట సాహిత్య చరిత్రలో కవుల భార్యలకీ ఉదారంగానే పంచిపెట్టారు.

మిక్సీ వల్ల నడుము నొప్పి తగ్గిందన్నది నిజం. రోటి పచ్చడి రుచి గురించి ఆరాటపడే మగ రచయితలకి నేనెప్పుడూ ఒక పూట పొత్రం అప్పగిద్దామనుకుంటాను. కానీ పని తగ్గిందా? అమెరికా చరిత్రకారిణి రూత్ స్క్వార్ట్జ్ కోవన్ 1983లో అచ్చయిన ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ పుస్తకంలో ఈ ప్రశ్నే వేసుకుంది. పొయ్యి మారింది, కట్టెలు కొట్టే మగవాడి పని పోయింది, నీళ్ళు మోసే పిల్లల పని పోయింది. ఇల్లాలి పని మాత్రం మిగిలింది. పైగా శుభ్రతకీ రుచికీ ప్రమాణాలు పెరిగాయి. ఆవిడ చెప్పింది అమెరికా గురించే. మిక్సీ వచ్చాక మన ఇళ్ళల్లో టిఫిన్‌కి రెండు చట్నీలు మామూలైపోవడం చూసినప్పుడల్లా నాకు ఆ పుస్తకం గుర్తొస్తుంది.

ఈ మధ్యకాలంలో యంత్రం గొంతు కూడా తెచ్చుకుంది. 2011లో యాపిల్ ఫోన్‌లో సిరి వచ్చినప్పుడు అమెరికాలో అది ఆడగొంతుతోనే పలికింది. 2014లో వచ్చిన అమెజాన్ అలెక్సాదీ ఆడగొంతే. పాట పెట్టు, లైటు తియ్యి, అలారం పెట్టు. అన్నిటికీ ‘సరే’. 2019లో యునెస్కో వెలువరించిన నివేదిక ఒకటి ఈ విషయాన్ని గట్టిగానే పట్టించుకుంది. దానికి పెట్టిన పేరు తెలుగులో చెప్పాలంటే ‘సిగ్గుపడగలిగితే పడేదాన్ని’ అని. ఆడవాళ్ళని తిట్టే బూతుమాటతో పిలిస్తే సిరి ఒకప్పుడు ఇచ్చిన జవాబు అది. ఆ జవాబుని తర్వాత మార్చారు. 2021లో యాపిల్, అమెరికాలో ఆడగొంతుని ముందే పెట్టెయ్యకుండా ఎవరికి కావలసిన గొంతు వాళ్ళే ఎంచుకునేట్టు చేసింది.

ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళకి ఇక్కడొక చిక్కుంది. అలెక్సాని ‘షి’ అనాలా ‘ఇట్’ అనాలా? ఏది అన్నా ఒక వైఖరి బయటపడుతుంది. మనకా ఇబ్బంది లేదు. ‘అలెక్సా చెప్పింది’ అంటే సరిపోతుంది. గడియారం ఆగింది, ఆవు వచ్చింది, అమ్మ వచ్చింది. చిన్నయసూరి బాలవ్యాకరణం రాసిన 1858 కంటే చాలా ముందునుంచీ మన భాషలో ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకీ క్రియ ఒకటే. బహువచనం అయితేనే ఆడవాళ్ళు మగవాళ్ళతో కలిసి ‘వచ్చారు’ అవుతారు. వ్యాకరణం నుంచి నేరుగా పితృస్వామ్యాన్ని పిండడం నాకు నచ్చదు. భాషలు అంత సూటిగా నడవవు. అయినా ఒంటరిగా ఉన్నప్పుడు వస్తువుల పక్కన నిలబడి, గుంపులో ఉన్నప్పుడే మనిషి క్రియ దక్కించుకునే ఈ వాక్యనిర్మాణంలోకి అలెక్సా ఎంత సునాయాసంగా ఇమిడిపోయిందో చూస్తే ఒక్క క్షణం ఆగాలనిపిస్తుంది.

వస్తువుని తయారుచేసేటప్పుడు ఎదురుగా ఊహించుకున్న మనిషి ఎవరో తెలియాలంటే అందులో ఏం మరిచిపోయారో చూడాలి. యాపిల్ 2014లో ఆరోగ్య వివరాలన్నీ రాసిపెట్టుకునే యాప్ తెచ్చింది. అందులో నెలసరికి చోటు లేదు. మరుసటి ఏడాది చేర్చారు. 2021 ఏప్రిల్‌లో ఎయిర్‌ట్యాగ్ అనే చిన్న బిళ్ళ వచ్చింది. తాళంచెవికో బ్యాగుకో తగిలిస్తే ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుంది. యజమానికి దూరంగా మూడు రోజులుంటేనే ఆ బిళ్ళ మోగేది. దాన్ని ఒకమ్మాయి సంచిలో దొంగతనంగా వేస్తే? మాజీ భర్తో, ‘ప్రేమించానన్న’ వాడో వేస్తే మూడు రోజులు చాలు కదా. జూన్‌లో ఆ గడువుని 8 నుంచి 24 గంటలకి తగ్గించారు. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నవాళ్ళకి తనిఖీ చేసుకునే యాప్ డిసెంబరుకి గాని రాలేదు. ఇలా వెంటాడారంటూ అమెరికాలో స్త్రీలు 2022లో కోర్టుకెక్కారు. ఈ భయం గృహహింస బాధితులతో పనిచేసే ఎవరినడిగినా మొదటిరోజే చెప్పివుండేవారు. తాళాలు పోగొట్టుకునే మనిషిని ఊహించుకున్నవాళ్ళకి వెంటాడబడే మనిషి తట్టలేదు.

మన దగ్గర వెంటాడడానికి బిళ్ళ కూడా అక్కర్లేదు. ఫోన్ ఇలా ఇవ్వమంటే చాలు. నా విద్యార్థిని ఒకమ్మాయి తన స్నేహితుడి నంబరుని ‘బ్లౌజు టైలరు’ అని దాచుకుంది. అన్నయ్య రోజూ రాత్రి ఫోన్ చూస్తాడట. ఆ అమ్మాయిని కొత్త ఫోన్ల మీద అభిప్రాయం అడిగితే, వేలిముద్రతో తెరుచుకునేది తనకొద్దంది. నిద్రపోతుంటే వేలు పట్టుకుని తెరిచేస్తారు, అంకెలయితే మనసులో ఉంటాయి అంది. ఏ సమీక్షలోనూ నేను చదవని మాట ఇది.

సర్వే అంకెలు కూడా ఈ దిశగానే ఉన్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు దేశంలో సుమారు 54 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, మగవాళ్ళు 48.8 శాతం. తెలంగాణలో 26.5, 57.4. ఈ అంకెలు తర్వాత పెరిగేవుంటాయి, సందేహం లేదు. కానీ ఫోన్ చేతిలో ఉండటం వేరు, సిమ్ ఎవరి ఆధార్ మీద ఉందన్నది వేరు. బ్యాంకు ఖాతా ఆమెది, దానికిచ్చిన నంబరు భర్తది అయితే ఆమె వంద రూపాయలు తీసినా కబురు ముందు ఆయనకి చేరుతుంది. పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ ఆమె తన పేరు మరిచిపోతుంది. ఇప్పుడు ఓటీపీ కోసం భర్తకి ఫోన్ చేసే ఆవిడకి తన పేరు బాగానే గుర్తుంటుంది, కంపెనీ రికార్డులోనే ఉండదు.

మన వ్యాసాల్లో కూడా ఫోన్ అంటే చదువుకున్న స్త్రీ చేతిలోని ఫోనే. నేను రాసిందీ ఇప్పటిదాకా దాదాపు అదే. హైదరాబాద్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్ళల్లో పనిచేసే ఆమె ఉంది. 2024 జూలైలో కంపెనీలు రీచార్జి ధరలు పెంచినప్పుడు మా ఫ్లాట్లలో ఒక వారం దాని గురించే కబుర్లు. ఫైవ్‌జీ వేగం, ఏ కంపెనీకి మారాలి, ఇలాంటివి. ఆమె బాధ ధర ఒక్కటే కాదు, 28 రోజుల లెక్క. ఏడాదికి జీతాలు 12, రీచార్జిలు 13. ప్రతి ఇంట్లోనూ ఫోన్ చేసి పిలుస్తారు, రీచార్జి లేకపోతే పని పోతుంది. కనీసం ఒక్క ప్లానయినా 30 రోజులకి ఇవ్వాలని 2022 జనవరిలో, డేటా అక్కర్లేనివాళ్ళకి మాటలకి మాత్రమే పనికొచ్చే ప్యాక్‌లు పెట్టాలని 2024 డిసెంబరులో ట్రాయ్ కంపెనీల్ని ఆదేశించింది. ఆ వార్తలు ఆమెదాకా రాలేదు. వీధి చివర రీచార్జి దుకాణంలో ఆమెకి ఎప్పుడూ చూపించేది పాత ప్యాకే.

గిన్నెలు బోర్లిస్తూ నన్నడిగింది. “అక్కా, జీతం నెలకొస్తది, ఫోను ఇరవై ఎనిమిది రోజులకే బందయితది. ఆ మిగిలిన రెండు మూడు రోజులు ఎవరి ఖాతల జమయితున్నయి?”