‘రాజీ’ చిత్రాంతము

హిందీ, ఉర్దూలలో ‘రాజీ’ అనగా ఒక కార్యమునకు సమ్మతించిన మనిషి. తెలుగున అదే మాటకు వివాదమును సర్దుబాటు చేసికొనుట యని అర్థము. హరీందర్ సిక్కా ఆంగ్లనవల ఆధారముగా మేఘనా గుల్జార్ దర్శకత్వమున 2018లో వెలువడిన చిత్రమునకు ఆ పేరెందుకు తగినదో చివరి ఘట్టమున గాని మనకు బోధపడదు.

1971 యుద్ధమునకు పూర్వము కాశ్మీర యువతి సెహ్మత్, వ్యాధిగ్రస్తుడైన తండ్రి కోరగా, పాకిస్తాన్ సైనికాధికారి యింట కోడలై గూఢచర్యమునకు ఒప్పుకొన్నది. భర్త ఇక్బాల్ సజ్జనుడు. చిక్కంతయు అక్కడనే యున్నది. ఆమె నేర్పిన గీతమును అచటి పాఠశాల పిల్లలు తమ దేశము కొరకు పాడుదురు, ఆమె తన దేశము కొరకు పాడును. మాటలు మాత్రము అవే. గుల్జార్ ఆ పాటలో మహమ్మద్ ఇక్బాల్ రచించిన బాలప్రార్థనను పొదుగుట ఎంతయో ఉచితముగా నున్నది.

తుదకు రహస్యము బయటపడగా, ఆమెను పంపినవారే ఆమెను చంపుటకు వెనుదీయలేదు. విస్ఫోటనమున మరణించినది ఇక్బాల్, మరియొక స్త్రీ. ఆమె సమ్మతి అచటితో ముగిసినది. స్వదేశమునకు మరలి, కడుపులోని బిడ్డను మాత్రము చంపనని చెప్పును. ఎవరును కోరకుండ ఈ కథలో ఆమె చేసిన పెద్ద నిర్ణయ మదియే.

యుద్ధనౌకపై సేనాధికారి ఆమెను కీర్తించు ఉపన్యాసము నాకు అవసరమనిపించలేదు. కొడుకు భారతసైన్యమున చేరినాడు. వయసు మీరిన తల్లి బోసియింట కిటికీకడ ఒంటరిగా కూర్చున్నది. ఆ దృశ్యము చాలును.

ఈ శీర్షికను తెలుగు చేయవలసివచ్చిన ‘సమ్మతించినది’ అనలేను. హిందీమాటకు లింగభేదము లేదు; కోరిన తండ్రిని, పంపిన అధికారిని గూడ అది కలుపుకొనును.