కొవ్వు మాత్ర, పక్షవాతం: రెండు అధ్యయనాల మధ్య మన ఇంటి జబ్బు

కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటే మెదడులో రక్తం చిమ్ముతుందన్న భయం అనకాపల్లిలోనూ ఉంది, అమెరికాలోనూ ఉంది. ఆ భయానికి మూలం 2006లో వచ్చిన స్పార్కల్ అధ్యయనం. అప్పటికే పక్షవాతం గానీ తాత్కాలిక పక్షవాతం గానీ వచ్చిన 4,731 మందిలో సగం మందికి రోజూ 80 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ మాత్ర, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, సుమారు 5 ఏళ్లు చూశారు. మళ్లీ పక్షవాతం వచ్చినవాళ్లు మందు వాడినవారిలో 11.2 శాతం, వాడనివారిలో 13.1 శాతం. అయితే మెదడులో రక్తస్రావం మందు గుంపులో 55 మందికి, రెండో గుంపులో 33 మందికి వచ్చింది.

జనం నోట నిలిచింది ఈ చివరి అంకెలే. కానీ చెడ్డ కొలెస్ట్రాల్ డెసిలీటరుకు 190 మిల్లీగ్రాములు దాటినవాళ్లను ఆ అధ్యయనంలో చేర్చుకోనే లేదు. వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ పెరిగే జబ్బు ఉన్న పెద్దలకు మందు లేకపోతే అది సాధారణంగా 190 పైనే ఉంటుంది. వాళ్లు లేని అధ్యయనాన్ని చూపి వాళ్ల మాత్ర ఆపించడం అన్యాయం.

వాళ్లున్నది బ్రిటన్‌లోని సైమన్ బ్రూమ్ రిజిస్టర్‌లో. చికిత్స పొందుతున్న ఈ రోగుల్లో పక్షవాతం మరణాలు మామూలు జనంలో కంటే ఎక్కువ లేవని 2003లో తేలింది. దీనికీ లోటుంది. మరణాలనే లెక్కించారు, మందు వాడని గుంపు లేదు. మందు కాపాడిందా, లేక ఈ జబ్బు మెదడు జోలికి అంతగా పోదా అన్నది అందులో తేలదు. అయినా నా మొగ్గు దీనివైపే. ఎందుకంటే స్టాటిన్లు విరివిగా రాకముందు, 1991లో, ఇదే రిజిస్టర్ ఇంకో నిజం చెప్పింది: 20–39 ఏళ్ల రోగుల్లో గుండెజబ్బు మరణాలు మామూలు కంటే దాదాపు 100 రెట్లు. ముందు దెబ్బ పడేది గుండె మీద. పక్షవాతం ఒక్కదాన్నే చూసి మాత్ర విలువ కట్టడం పొరపాటు.

మేనరికాలు చేసుకునే మన వైపు మరో చిక్కు. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే, కొలెస్ట్రాల్‌ను రక్తం నుంచి లాగే గ్రాహకాలు కాలేయంలో దాదాపు ఉండవు, లేదా సరిగా పనిచేయవు. స్టాటిన్ పనిచేసేదే ఆ గ్రాహకాలను పెంచి. కనుక అలా పుట్టిన పిల్లలకు అదొక్కటే చాలదు.

మడమ వెనక స్నాయువు లావెక్కినా, వేళ్ల కణుపుల మీద గడ్డలు లేచినా, ఇంట్లో ఎవరైనా నలభై లోపే గుండెపోటుతో పోయినా, బెల్లాన్నో నెయ్యినో తిట్టుకుంటూ కూర్చోకండి. పిల్లలతో సహా రక్తసంబంధీకులందరికీ కొలెస్ట్రాల్ పరీక్ష చేయించండి. డాక్టర్ని అడగకుండా మాత్ర ఆపకండి.