దీపాల వేళ ఆనప పందిరి

మాఘంలో గింజ పెట్టిన ఆనప పాదు ఫాల్గుణం వెళ్ళేసరికి పందిరంతా అల్లుకుంది. ఆకు అరచేతికి రెండింతలుంది, తీగ మంచి బలంగా సాగింది, పూలకి లోటు లేదు. పిందె మాత్రం నిలవలేదు. వేలెడు పొడవున్న పిందె రెండో రోజుకి పసుపు తిరిగి, నాలుగో రోజుకి వడిలి రాలిపోయేది. పొద్దున్నే వాకిలి ఊడ్చి పెరట్లోకి వెళితే పందిరి కింద అవే కనబడేవి. ఉగాదికి ఇంటి కాయతో పులుసు పెట్టాలనుకున్నాను. బజారులో కొని పెట్టాను.

బలం చాలలేదేమోనని రెండు గంపల పశువుల ఎరువు వేశాను. ఆకు ఇంకా నల్లగా, దట్టంగా వచ్చింది గాని పిందె రాలడం ఆగలేదు. పాదు పీకేసి బెండ పెడదామా అనుకుంటున్న రోజున మా వీధి చివరి పిన్నిగారు వచ్చి పందిరి కింద నిలబడ్డారు. పెనుగొండలో మా వీధివాళ్ళందరం తోటపనికి ఆవిణ్ణే అడుగుతాం.

"పువ్వు విచ్చుకునేటప్పుడు ఎప్పుడైనా చూశావుటే?" అన్నారు. లేదండీ అన్నాను. "అయితే దీపాలు పెట్టే వేళకి నేనొస్తాను. అంతదాకా కత్తి ముట్టుకోకు" అని వెళ్ళిపోయారు.

అన్నమాట ప్రకారం వచ్చారు. వాసవీ అమ్మవారి గుడికి వెళ్ళేవాళ్ళు వీధిలో నడుస్తున్నారు. పిండిన చీరలా మడతలు పడి ఉన్న మొగ్గ మా కళ్ళముందే మెల్లగా సడలి, తెల్లగా విప్పారింది. పొడుగాటి కాడ మీద ఒంటరిగా నిలబడేది మగపువ్వు. పువ్వు కిందే నూగుతో మెరిసే బుల్లి ఆనపకాయ ఉంటే అది ఆడపువ్వు. పిన్నిగారు ఒక మగపువ్వు తుంచి, రేకులు ఒలిచేసి, మధ్యనున్న పుప్పొడి కాడని ఆడపువ్వు లోపల మెల్లగా అద్దారు. పసిపిల్లకి బొట్టు పెట్టినట్టే ఉంది. తర్వాత పువ్వు కాడకి తెల్లదారం వదులుగా కట్టి, "మూడు రోజులు చూడు" అన్నారు.

మూడో రోజుకి ఆ పిందె మెడ వంచింది. కాయ నిలబడ్డ గుర్తు అదే. ఆనప పువ్వు సాయంత్రం విచ్చుకుని మర్నాడు పొద్దెక్కేసరికి వాడిపోతుంది. పగటి తేనెటీగ కంటే రాత్రి తిరిగే రెక్కల పురుగులే దానికి దిక్కు. అవి రాని పెరట్లో ఆ పని మన చేత్తో చెయ్యాలి. బీరపువ్వు కూడా సాయంత్రం పువ్వే. కాకరా గుమ్మడీ మాత్రం పొద్దుటి పూలు, వాటి సంగతి తేనెటీగలు చూసుకుంటాయి. నేను రోజూ పొద్దున్నే వెళ్ళి వాడిన పూలు చూసి, ఎరువు తక్కువైందనుకున్నాను.

అలాగని రాలిన ప్రతి పిందెకీ ఇదే కారణం కాదు. బీర పాదు దగ్గర నేను మోసపోయింది అక్కడే. బీరపిందెలూ పసుపు తిరుగుతుంటే వాటికీ పుప్పొడి అద్దాను. ఫలితం లేక ఒక పిందెని చేతిలోకి తీసుకుని చూస్తే, ఒక పక్కన సూది మొనంత చుక్క, దాన్నుంచి కారి గట్టిపడిన జిగురు. చీలిస్తే లోపల తెల్లటి పురుగులు. అది పండు ఈగ పని. లేత పిందెలోకి సూది లాంటి అవయవం దించి గుడ్లు పెడుతుంది. పురుగు పెరిగాక కాయ వదిలి మట్టిలోకి దిగుతుంది, అక్కడ గూడు కట్టుకుని మళ్ళీ ఈగై లేస్తుంది. ఆ సంగతి తెలియక రాలిన పిందెలన్నీ పందిరి పక్కనున్న చెత్త గుంటలోనే వేశాను. అంటే రెండు వారాలు నా చేత్తో నేనే ఈగల్ని పెంచాను. ఇప్పుడు రాలినవాటిని ప్లాస్టిక్ సంచీలో వేసి, మూతి బిగించి, ఎండలో పడేస్తున్నాను. నిలబడ్డ పిందెకి పాత కాగితంతో చేసిన సంచీ తొడుగుతున్నాను.

బెండ దగ్గర మాత్రం చెయ్యగలిగింది లేదు. ఆకు ఈనెలు పసుపుపచ్చగా వలలా తేలితే అది పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, మందు లేదు. ఒకప్పుడు పూసా సావని రకం దీన్ని తట్టుకుంటుందని పేరు, రానురాను ఆ గుణం పోయింది. తర్వాత బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ అర్క అనామిక తెచ్చింది. విత్తనం కొనేటప్పుడు తెగులు తట్టుకునే రకమేనా అని అడగడం తప్పనిసరి. నిరుడు పూత మీదున్న మొక్కని పీకడానికి చేతులు రాక వదిలేశాను, వరసంతా పోయింది. ఈసారి ఇరవైలో ఐదు మొక్కలకి ఈనెలు తేలాయి. ఐదూ పూతతోనే ఉన్నాయి. పీకేశాను. ఆ పూట మధ్యాహ్నం అన్నం సయించలేదు.

ఇక మిగిలింది నీళ్ళు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా బతుకంతా కాలవ మీదే నడుస్తోంది. ఏప్రిల్‌లో కాలవ కట్టేస్తే మా నూతిలో నీరు దిగిపోతుంది, మళ్ళీ జూన్‌లో వదిలేదాకా ఎదురుచూడాలి. మా బోరు నీళ్ళు పోస్తే మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. మా నేల తడిస్తే జిగట, ఆరితే నెర్రెలు. అదృష్టం ఏమిటంటే సరిగ్గా అప్పుడే దాళ్వా కోతలు. మిషను కోసిన చేలో మిగిలే గడ్డి రెండు మోపులు తెచ్చి పాదుల చుట్టూ జానెడు మందాన పరిచాను. మధ్యాహ్నం రెండింటికి గడ్డి కింద చెయ్యి పెడితే మట్టి చల్లగా తగిలింది. బియ్యం కడిగిన నీళ్ళూ, కూరలు కడిగిన నీళ్ళూ ఆనపకే. బెండకి రోజు మార్చి రోజు.

ఇవాళ్టికి పందిరి మీద తెల్లదారాలు తొమ్మిది. అందులో ఆరు పిందెలు మెడ వంచాయి. కాలవ కట్టేలోగా నాలుగు కాయలు దిగుతాయని పిన్నిగారు అంటున్నారు. విత్తనానికి ఒకటి తీగ మీదే ముదరనివ్వాలి, అది మొదటి కాయ కాకూడదట, తీగ కాపు ఆపేస్తుందట. అందుకని ఐదో పిందెకి ఎర్రదారం కట్టాను, ఇంట్లో ఎవరూ పొరపాటున కోసెయ్యకుండా.